అధ్యాపకుల స్వేచ్ఛ, బాధ్యత: డిరోజియో నుంచి మనం నేర్చుకోవలసినది

యూనివర్సిటీ అధ్యాపకులకు స్వేచ్ఛ ఉండాలా అని అడిగితే మనలో వద్దనేవాళ్లు ఎవరూ ఉండరు. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గర వస్తుంది. ఆ స్వేచ్ఛ దేనికోసం? దానికి బదులుగా అధ్యాపకుడు ఎవరికి, ఏం బాకీ పడతాడు?

హేతువాద సమావేశాల్లో రెండు రకాల తీర్మానాలు తరచు వింటుంటాను. ఒకటి: "ఫలానా ప్రొఫెసరుగారిని మతఛాందసులు వేధిస్తున్నారు, బోధనా స్వేచ్ఛను కాపాడాలి." రెండోది: "ఫలానా ప్రొఫెసరు మూఢనమ్మకాలు ప్రచారం చేస్తున్నాడు, ఉద్యోగంలోంచి తీసెయ్యాలి." ఒక్కోసారి ఈ రెండు తీర్మానాలూ ఒకే పూట, ఒకే వేదిక మీద, ఒకే చప్పట్లతో ఆమోదం పొందుతాయి. బయటివాళ్లు చూస్తే ఏమనుకుంటారు? మనవాడైతే స్వేచ్ఛ, పరాయివాడైతే శిక్ష అనే కదా! ఇందులో వైరుధ్యం ఉందా, లేక రెంటినీ కలిపే సూత్రం ఏదైనా ఉందా? చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోది మాత్రమే కాదు. జవాబు కోసం చరిత్రలోకి వెళితే మన దేశంలోనే ఒక మంచి దృష్టాంతం దొరుకుతుంది. దానికి రెండు వందల ఏళ్లు కావస్తోంది.

17 ఏళ్ల మాస్టారు

కలకత్తా హిందూ కాలేజీ 1817లో మొదలైంది. పాశ్చాత్య విద్య తమ పిల్లలకు కావాలనుకున్న అక్కడి హిందూ పెద్దలు చందాలు వేసుకుని పెట్టిన విద్యాసంస్థ అది. 1826లో హెన్రీ లూయీ వివియన్ డిరోజియో అనే కుర్రవాడు అందులో ఉపాధ్యాయుడిగా చేరాడు. పుట్టింది 1809లో. అంటే వయసు 17. యూరేషియన్ కుటుంబం. అప్పటికే ఇంగ్లీషులో కవిత్వం రాస్తున్నాడు. సాహిత్యం, చరిత్ర బోధించేవాడు. ఆయన శిష్యుల్లో కొందరు వయసులో ఆయనకన్నా ఎంతో చిన్నవాళ్లు కారు.

ఆయన చేసిన గొప్ప పని పాఠ్యపుస్తకం మూశాక మొదలయ్యేది. 1828లో అకడమిక్ అసోసియేషన్ పేరుతో ఒక చర్చా సంఘం పెట్టాడు. విధి ఉందా, విగ్రహారాధన సమంజసమా, దేవుడు ఉన్నాడనడానికి రుజువులేమిటి, కాదనడానికి వాదాలేమిటి - ఇవీ అక్కడి చర్చలు. కుర్రాళ్లు వాదించుకునేవారు, మాస్టారు వినేవాడు. ఆ గుంపులోంచే ఎవరెస్టు శిఖరం ఎత్తు లెక్కకట్టిన రాధానాథ్ సిక్దర్ వచ్చాడు. రాంగోపాల్ ఘోష్, ప్యారీచంద్ మిత్ర, రాంతనూ లాహిరి, కృష్ణమోహన్ బెనర్జీ వచ్చారు. వీళ్లలో అందరూ నాస్తికులు కాలేదు. కృష్ణమోహన్ క్రైస్తవ మతాచార్యుడయ్యాడు కూడా. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, దీని అవసరం ముందుంది.

ఊళ్లో గగ్గోలు పుట్టింది. పిల్లలు దేవుడికి దండం పెట్టడం లేదట, తండ్రి మాట వినడం లేదట, తినకూడనివి తింటున్నారట. కొందరు తండ్రులు పిల్లల్ని కాలేజీ మాన్పించారు. డబ్బు పెట్టి కాలేజీ నడుపుతున్న పెద్దలకు భయం వేయడంలో ఆశ్చర్యం లేదు. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. పిల్లవాడు చేయి దాటిపోతున్నాడని ఏ తల్లిదండ్రులకైనా దిగులే. ఆ దిగులును పాలకవర్గం ఎలా తీర్చిందన్నదే మనం చూడవలసింది.

తీర్పు ఒకటి, శిక్ష ఒకటి

1831 ఏప్రిల్ 23న కాలేజీ పాలక మండలి సమావేశమైంది. డిరోజియోను పిలవలేదు. సాక్షుల్ని విచారించలేదు. ముందు ఒక ప్రశ్న పెట్టుకున్నారు: ఇతని నైతిక, మత భావాలు ఇతణ్ణి బోధనకు అనర్హుణ్ణి చేసేలా ఉన్నాయని చెప్పడానికి మనకు తగిన ఆధారం ఉందా? రాధాకాంత దేవ్, రామ్‌కమల్ సేన్ వంటి వారు అనర్హుడే అన్నారు. డేవిడ్ హేర్ మాత్రం ఆయన చాలా సమర్థుడైన ఉపాధ్యాయుడన్నాడు. సంస్కృత పండితుడు హొరేస్ హేమన్ విల్సన్ తన కంటికి ఏ చెడూ కనపడలేదన్నాడు. శ్రీకృష్ణ సింహ ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డాడు. రుజువు లేదు కాబట్టి నిర్దోషే అని ప్రసన్నకుమార్ ఠాగూర్ అన్నాడు. మొత్తం మీద ఎక్కువమంది అనర్హుడని అనలేకపోయారు.

అంతటితో కేసు కొట్టెయ్యాలి కదా? కొట్టెయ్యలేదు. రెండో ప్రశ్న పెట్టారు: ప్రస్తుతం ప్రజల మనోభావాలు ఉన్న స్థితిలో ఇతణ్ణి తొలగించడం ఉచితమేనా? ఇది దేశీయ సమాజపు మనోభావాలకు సంబంధించిన విషయం కాబట్టి మేం ఓటు వెయ్యమని విల్సన్, హేర్ తప్పుకున్నారు. మిగిలినవాళ్లలో దాదాపు అందరూ తొలగింపు వైపు మొగ్గారు. శ్రీకృష్ణ సింహ మాత్రం అవసరం లేదన్నాడు.

నిజానికి ఈ రెండు ప్రశ్నల తంతు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మొదటి ప్రశ్న చదువుకు సంబంధించింది: చెప్పింది తప్పా, ఒప్పా? దానికి జవాబు అధ్యాపకుడికి అనుకూలంగా వస్తే రెండో ప్రశ్న తీస్తారు: ఒప్పే కావచ్చు, కానీ జనం ఊరుకుంటారా?

180 ఏళ్ల తర్వాత ఢిల్లీ యూనివర్సిటీలో ఇదే జరిగింది. ఏ.కె. రామానుజన్ రాసిన, దేశ విదేశాల్లోని అనేక రామాయణాలను పరిచయం చేసే వ్యాసం బీఏ చరిత్ర సిలబస్‌లో ఉండేది. 2008లో దాని మీద ఆందోళన చేసినవాళ్లు చరిత్ర విభాగంలో విధ్వంసం చేశారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, నలుగురు నిపుణులతో కమిటీ వేశారు. నలుగురిలో ముగ్గురు వ్యాసం ఉండొచ్చన్నారు. అయినా 2011 అక్టోబరులో అకడమిక్ కౌన్సిల్ దాన్ని తీసేసింది. నిపుణుల తీర్పు ఒక పక్క, శిక్ష మరో పక్క. హిందూ కాలేజీ పాలక మండలి లేచి వచ్చి కూర్చున్నట్టే ఉంది.

డిరోజియో ఇచ్చిన జవాబు

ఆయన రాజీనామా చేశాడు. చేస్తూ ఊరుకోలేదు. నన్ను పిలిచి అడగలేదు, నా మీద అభియోగమేమిటో నాకు చెప్పలేదు, సాక్ష్యం తీసుకోలేదు, నేను తప్పు చెయ్యలేదని మీలో ఎక్కువమంది ఒప్పుకుంటూనే నన్ను పంపించేస్తున్నారు అని లేఖలో స్పష్టంగా రాశాడు. ఆ తర్వాత విల్సన్ ఆయన్ను విడిగా మూడు ప్రశ్నలు అడిగాడు. దేవుణ్ణి నమ్ముతావా? తల్లిదండ్రులను గౌరవించడం నైతిక ధర్మం కాదని బోధించావా? అన్నాచెల్లెళ్లు పెళ్లి చేసుకోవచ్చన్నావా?

మూడోది వట్టి పుకారు. అలాంటి మాట ఎన్నడూ అనలేదన్నాడు. రెండోదానికి, తండ్రితో దురుసుగా మాట్లాడిన ఒక విద్యార్థిని మందలించి క్షమాపణ చెప్పుకొమ్మని పంపిన సంగతి చెప్పాడు. మొదటి ప్రశ్నకు 1831 ఏప్రిల్ 26న ఆయన రాసిన జవాబు మన దేశంలో బోధనా స్వేచ్ఛ మీద వచ్చిన తొలి గొప్ప ప్రకటనల్లో ఒకటని నా అభిప్రాయం.

దాని సారాంశం ఇది. దేవుడు లేడని నేను ఎవరి ముందూ చెప్పలేదు. కానీ ఈ విషయం మీద తత్వవేత్తలకు ఉన్న సందేహాలను విద్యార్థులకు వినిపించిన మాట నిజం. ఎందుకంటే ఆ సందేహాలకు వచ్చిన సమాధానాలను కూడా నేనే వినిపించాను. డేవిడ్ హ్యూమ్ వాదాన్ని చెప్పాను, దానికి థామస్ రీడ్, డుగల్డ్ స్టూవర్ట్ ఇచ్చిన బదులూ చెప్పాను. ఇలాంటి ప్రశ్న మీద వాదించడమే తప్పయితే, దేవుడు ఉన్నాడని వాదించడమూ అంతే తప్పు కావాలి. నా శిష్యుల్లో కొందరు నాస్తికులైతే ఆ నింద నా మీద వేస్తున్నారు. మరి ఆస్తికులుగా మిగిలినవాళ్ల విషయంలో ఆ మెప్పు కూడా నాకే రావాలి కదా?

మనలో చాలామంది డిరోజియోను నాస్తిక వీరుడిగా తలచుకుంటారు. ఆయన తన లేఖలో ఆ కిరీటం పెట్టుకోలేదు. నా నమ్మకం చెప్పుకునే హక్కు నాకుంది అని కూడా అడగలేదు. ఆయన కోరింది మరో హక్కు: విద్యార్థికి రెండు పక్షాల వాదాలూ పూర్తిగా వినిపించి, నిర్ణయం అతనికే వదిలేసే హక్కు. ఆ మాటలోనే బాధ్యత కూడా ఉంది. హ్యూమ్‌ను చెప్పినవాడు రీడ్‌ను కూడా చెప్పాలి. తనకు నచ్చని వాదాన్ని కూడా దాని బలం తగ్గించకుండా చెప్పాలి.

కాలేజీ విడిచిన కొద్దికాలానికే ఆయన ఈస్ట్ ఇండియన్ అనే పత్రిక నడిపాడు. 1831 డిసెంబరు 26న కలరాతో చనిపోయాడు. 22 ఏళ్లు.

గ్రాంటుల కాలం

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు వచ్చాయి. మొదట్లో అవి పాఠాలు చెప్పేవి కావు, పరీక్షలు పెట్టేవి. పెత్తనం ప్రభుత్వానిది. కర్జన్ కాలంలో 1904 చట్టంతో ఆ పట్టు ఇంకా బిగిసింది. 1907లో రిస్లీ సర్క్యులర్ విద్యార్థులూ ఉపాధ్యాయులూ రాజకీయాల జోలికి పోకూడదంది. ఆ ఏడాదే బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు వందేమాతరం అన్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు ట్రెయినింగ్ కాలేజీ చదువు పోగొట్టుకున్న సంగతి మనవాళ్లకు తెలిసిందే.

తర్వాత డబ్బు రంగంలోకి వచ్చింది. 1922లో బెంగాల్ ప్రభుత్వం కలకత్తా యూనివర్సిటీకి 2.5 లక్షల రూపాయలు ఇస్తాం, కానీ కొన్ని షరతులు ఒప్పుకోవాలి అంది. యూనివర్సిటీ అప్పటికే అప్పుల్లో ఉంది. జీతాలు ఇవ్వడం కష్టంగా ఉంది. అయినా వైస్ ఛాన్సలర్ అశుతోష్ ముఖర్జీ ఒప్పుకోలేదు. ఆకలినైనా భరిస్తాం గాని స్వేచ్ఛను అమ్ముకోం అన్న ధోరణిలో సెనేట్‌లో మాట్లాడాడు. 1923లో గవర్నర్ లిట్టన్, ప్రభుత్వాన్ని వ్యతిరేకించనంటే మరోసారి పదవి ఇస్తానంటే ఆ పదవినే తిప్పికొట్టాడు.

మన వైపు చూస్తే, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి 1930లో ఉప్పు సత్యాగ్రహపు రోజుల్లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్, స్వాతంత్ర్యం వచ్చాక 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడయ్యాడు. వివాదాస్పద విషయాల మీద మాట్లాడే స్వేచ్ఛ దేశంలో మిగతా పౌరులకు ఎంత ఉందో అధ్యాపకులకూ అంత ఉండాలని ఆ కమిషన్ నివేదిక చెప్పింది. మాట బాగానే ఉంది. కానీ తర్వాత మన యూనివర్సిటీలు ఆ నివేదికకన్నా ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళినే ఎక్కువ శ్రద్ధగా చదివాయి. 2000లో ఉస్మానియా యూనివర్సిటీ రిజిస్ట్రారు, కులవ్యవస్థ మీద పత్రికల్లో రాస్తున్న కంచ ఐలయ్యకు, వృత్తి మర్యాదలకు లోబడి రాయాలంటూ లేఖ పంపడం మనం మరిచిపోలేదు. కులం గురించి రాయడం రాజనీతిశాస్త్ర ఆచార్యుడి వృత్తిలో భాగం కాకపోతే మరేమిటి?

గోరాకు దొరకని మండలి

డిరోజియోకు పాలక మండలిలో కనీసం ఓటింగైనా జరిగింది. మన గోరాకు అదీ దక్కలేదు. గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్ర అధ్యాపకుడు. మదురైలో మిషనరీ కాలేజీలో పని చేస్తున్నప్పుడు, క్రైస్తవంలోకి వస్తే అమెరికా పంపించి పెద్ద చదువు చెప్పిస్తామన్నారు. వద్దన్నాడు. 1933లో కాకినాడ పిఠాపురం రాజా కాలేజీలో నాస్తికత్వం కారణంగా ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలోనూ ఆయన భావాలు యాజమాన్యానికి మింగుడు పడలేదు. 1940లో అధ్యాపక వృత్తి వదిలి ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. మిగతా చరిత్ర మనందరిదీ.

గోరా విషయంలో నన్ను ఆలోచింపజేసేది ఒకటుంది. ఆయన చెప్పేది వృక్షశాస్త్రం. మొక్క ఆహారం ఎలా తయారు చేసుకుంటుందో చెప్పడంలో ఆయన నాస్తికత్వం వల్ల వచ్చిన లోపమేమిటని ఎవరైనా అడిగారా? క్రైస్తవుల కాలేజీ ఆయన్ను క్రైస్తవుడు కమ్మంది. హిందువుల కాలేజీలు హిందువుగా కనిపించమన్నాయి. ఆయన పాఠం ఎలా ఉందన్నది ఎవరికీ పట్టలేదు.

ఉపాధ్యక్షుడు రాసిన ఉత్తరాలు

బాధ్యత అంటే పాఠం సరిగా చెప్పడంతో సరిపోతుందా? సరిపోదన్నాడు బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య. ఆయన భౌతికశాస్త్రవేత్త. గాంధేయవాది. జీవితాంతం నేషనల్ కాలేజీ హాస్టల్లో బ్రహ్మచారిగా ఉన్నాడు. 1976లో మహిమలను, పరీక్షించడానికి వీలైన మూఢనమ్మకాలను పరిశోధించడానికి యూనివర్సిటీ తరఫున ఒక కమిటీ వేశాడు. సత్యసాయిబాబాకు ఉత్తరాలు రాశాడు. మీరు గాలిలోంచి వస్తువులు సృష్టిస్తారని అంటున్నారు, మా కమిటీ ముందు, మేం పెట్టే నియమాల ప్రకారం చేసి చూపించండి అని. ఉంగరాలు, విభూతి చేతిలో దాచుకోవచ్చు కాబట్టి గుమ్మడికాయ సృష్టించమని ఆయన అడిగిన మాట ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. ఉత్తరాలకు జవాబు రాలేదు. 1977లో ఆయన పదవీకాలం ముగిసింది, కమిటీ కథా ముగిసింది.

వైస్ ఛాన్సలర్‌కు ఈ పని ఎందుకని అప్పుడు చాలామంది తిట్టారు. లక్షలమంది నమ్మే మనిషిని యూనివర్సిటీ పేరుతో సవాలు చెయ్యడం పదవిని దుర్వినియోగం చెయ్యడం కాదా అన్నారు. ఈ అభ్యంతరాన్ని డిరోజియో గీటురాయి మీద పెట్టి చూద్దాం. నరసింహయ్య బాబా మోసగాడని తీర్మానం చెయ్యలేదు. పరీక్షకు రమ్మన్నాడు. ఫలితం ఏది వచ్చినా ఒప్పుకోవడానికి సిద్ధపడి పిలిచాడు. అవతలి పక్షానికి తన రుజువు చూపే అవకాశం ఇచ్చాడు. యూనివర్సిటీ పేరుతో చెయ్యదగిన పని ఇంతకన్నా ఏముంటుంది?

జ్యోతిషం కేసులో అసలు చిక్కు

ఇప్పుడు మనకు ఇబ్బంది కలిగించే కేసుకు వద్దాం. 2001లో యూజీసీ యూనివర్సిటీల్లో జ్యోతిర్విజ్ఞానం పేరుతో డిగ్రీ కోర్సులు పెట్టడానికి నిధులిస్తామంది. హైదరాబాదులో సీసీఎంబీని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ తదితరులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఓడిపోయారు. సుప్రీంకోర్టు కూడా 2004 మేలో వాళ్ల అప్పీలు కొట్టేసింది. ఏ కోర్సు పెట్టాలన్నది విద్యారంగ నిపుణుల సంస్థ తేల్చుకోవలసిన విషయమనీ, అందులో కోర్టులు తలదూర్చడం మంచిది కాదనీ, ఎవరినీ బలవంతంగా ఆ కోర్సు చదవమనడం లేదనీ తీర్పు సారాంశం.

చూశారా, మన ఆయుధమే మన మీదికి తిరిగింది! యూనివర్సిటీ ఏం బోధించాలో బయటివాళ్లు చెప్పకూడదని మనమే అంటాం. కోర్టు కూడా అదే అంది. అప్పుడు మనం ఏమనాలి?

నా జవాబు ఇది. జ్యోతిషం గురించి యూనివర్సిటీలో బోధించడం తప్పు కాదు. వరాహమిహిరుణ్ణి చరిత్ర తరగతిలో చదవాలి. గ్రహాల మీద నమ్మకం రాజుల నిర్ణయాలను, పెళ్లిళ్లను, పంటలను ఎలా నడిపిందో పరిశోధించాలి. అది విద్య. కానీ జాతకం నిజం చెబుతుందని శాస్త్రం పేరుతో డిగ్రీ ఇవ్వాలంటే, ఆ మాటకు రుజువు అడిగే హక్కు మిగతా శాస్త్ర విభాగాలకు ఉండాలి. 2001లో జరిగింది అది కాదు. ఏ యూనివర్సిటీలోనూ శాస్త్రవేత్తలు పరిశీలించి, ఇది నిలబడింది కాబట్టి కోర్సు పెడదాం అనలేదు. పైనుంచి డబ్బుతో పాటు సర్క్యులర్ దిగింది. అశుతోష్ ముఖర్జీ వద్దన్న షరతుల గ్రాంటుకూ దీనికీ తేడా ఏముంది? దీన్ని అకడమిక్ స్వేచ్ఛ అని పిలవడం మాటలతో చేసే గారడీ.

ఇక్కడ ఒక తెలివైన ఎదురు ప్రశ్న వస్తుంది. డిరోజియోలా రెండు పక్షాలూ చెప్పాలన్నారు కదా, జ్యోతిషం కూడా రెండో పక్షమే కదా అంటారు. నిజమే, చెప్పండి. కానీ రెంటినీ చెప్పాలి. జయంత్ నార్లికర్, నరేంద్ర దభోల్కర్ తదితరులు మహారాష్ట్రలో ఒక పరీక్ష పెట్టారు. చదువులో మెరికల్లాంటి 100 మంది పిల్లల జాతకాలు, మానసిక వైకల్యం ఉన్న 100 మంది పిల్లల జాతకాలు తీసుకున్నారు. ఒక్కొక్క జ్యోతిష్కుడికి వాటిలోంచి 40 ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. చివరిదాకా నిలబడి జవాబులు పంపింది 27 మంది. సరైన జవాబులు సగటున 46 శాతం. నాణెం ఎగరేసినా 50 శాతం వస్తుంది. ఈ ఫలితం కూడా చెప్పే జ్యోతిష తరగతి ఏదైనా ఉంటే నాకేం అభ్యంతరం లేదు. పరీక్షకు ఒప్పుకోనిదాన్ని, ఒప్పుకుని ఓడిపోయినా ఆ సంగతి దాచిపెట్టేదాన్ని రెండో పక్షం అనలేం.

పొరుగున ఏం జరిగింది

ఒక మతానికే ఈ జబ్బు ఉందనుకుంటే పొరపాటు. ఇస్లామాబాదులో హోమియో వైద్య కళాశాల అధ్యాపకుడు డాక్టర్ యూనస్ షేక్‌ను తరగతిలో అన్న మాటల పేరుతో 2000 అక్టోబరులో దైవదూషణ కేసులో అరెస్టు చేశారు. 2001లో మరణశిక్ష వేశారు. 2003లో విడుదలై దేశం విడిచాడు. ముల్తాన్‌లో బహావుద్దీన్ జకరియా యూనివర్సిటీ లెక్చరర్ జునైద్ హఫీజ్ 2013లో అరెస్టయ్యాడు. ఆయన తరఫున వాదించిన లాయర్ రషీద్ రెహ్మాన్‌ను 2014లో కాల్చి చంపారు. 2019 డిసెంబరులో జునైద్‌కు మరణశిక్ష పడింది. ఢాకా యూనివర్సిటీ ఆచార్యుడు హుమాయూన్ ఆజాద్‌ను 2004 ఫిబ్రవరి 27న పుస్తక ప్రదర్శన నుంచి వస్తుండగా కత్తులతో నరికారు. ఆ ఆగస్టులో జర్మనీలో చనిపోయాడు.

కేరళలో తొడుపుళ న్యూమన్ కాలేజీ మలయాళ ఆచార్యుడు టి.జె. జోసెఫ్ కథ వేరే రకం. 2010లో విరామచిహ్నాల మీద ఒక ప్రశ్న ఇచ్చాడు. అందులో దేవుడితో మాట్లాడే పిచ్చివాడికి పెట్టిన పేరు ప్రవక్త పేరని గొడవ లేచింది. జూలై 4న దుండగులు ఆయన కుడిచెయ్యి నరికేశారు. రెండు నెలలకు, క్రైస్తవ యాజమాన్యం కింద ఉన్న ఆ కాలేజీ ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. 2014 మార్చిలో ఆయన భార్య ఆత్మహత్య చేసుకున్నాక, రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు తిరిగి తీసుకున్నారు. ఆ ప్రశ్నలో ఆ పేరు ఉండాల్సిందా అని తోటి అధ్యాపకులు కూర్చుని చర్చించి ఉండవచ్చు, ప్రశ్న మార్చి ఉండవచ్చు. అది పరీక్షల బోర్డు పని. కత్తి ఒక మతంవాళ్లది, తొలగింపు ఉత్తర్వు మరో మతంవాళ్లది. మనోభావాల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకటే.

మతం లేనిచోట కూడా ఇదే జరుగుతుందని జాఫ్నా చెబుతుంది. అక్కడి యూనివర్సిటీలో శరీర నిర్మాణ శాస్త్ర విభాగాధిపతి రజని తిరణగమ. సహోద్యోగులతో కలిసి మానవ హక్కుల బృందం పెట్టి, శ్రీలంక సైన్యం, భారత శాంతిసేన, తమిళ పులులు, ఎవరు చేసిన దురాగతాన్నైనా ఒకే కొలతతో నమోదు చేసింది. సొంతవాళ్ల తప్పులు మాత్రం వదిలెయ్యమంటే వదల్లేదు. 1989 సెప్టెంబరు 21న పరీక్షల పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి వెళ్తుంటే కాల్చి చంపారు. ఆమె వయసు 35.

మన వంతు

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండు తీర్మానాల సంగతి తేల్చుకోవాలి.

ఒక మిత్రుడు ఒకసారి నా దగ్గరికి ఒక ఫిర్యాదు తెచ్చాడు. ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆయుధపూజ నాడు లేబొరేటరీలో పరికరాలకు బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాడట. వైస్ ఛాన్సలర్‌కు రాసి చర్య తీసుకోమందాం అన్నాడు. ఆయన పాఠం ఎలా చెబుతాడని అడిగాను. ఉష్ణగతిక శాస్త్రం ఆయనలా చెప్పేవాళ్లు లేరన్నాడు మిత్రుడే. అయితే నేను సంతకం పెట్టనన్నాను. కొబ్బరికాయ మీద వాదించుకుందాం, ఆయనతోనే ముఖాముఖి వాదిద్దాం, ప్రభుత్వ ప్రయోగశాలలో ఒక మతం పూజ ఎందుకని అడుగుదాం. కానీ ఆయన నమ్మకం కారణంగా ఆయన కొలువుకు ఎసరు పెడితే గోరాకు జరిగినదాన్ని తప్పనే అర్హత మనకు మిగలదు.

మరో సందర్భం చూడండి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్, రసాయనశాస్త్ర ఆచార్యుడు కూడా అయిన జి. నాగేశ్వరరావు కౌరవులు టెస్ట్‌ట్యూబ్, స్టెమ్‌సెల్ పరిజ్ఞానంతో పుట్టారని చెప్పారు. ఇది ఆయన ఇంట్లో పూజ కాదు. సైన్స్ వేదిక మీద, సైన్స్ ఆచార్యుడి హోదాలో, సైన్స్ పేరుతో చెప్పిన మాట. ఇక్కడ మనం గట్టిగా అడగాలి. అడిగేదల్లా ఆధారం. పదవి పీకెయ్యమని మాత్రం కాదు. ఆధారం చూపించు, లేదా ఆ వేదిక మీదే మాట వెనక్కి తీసుకో అని అడగాలి. దేశంలో శాస్త్రవేత్తలు ఆ పనే చేశారు. వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. సైన్స్ కాంగ్రెస్ నిర్వాహకులు ఆ వ్యాఖ్యలకు దూరంగా జరగవలసి వచ్చింది.

కాబట్టి రెంటినీ కలిపే సూత్రం ఉంది. అధ్యాపకుడి నమ్మకం అతని సొంతం. తరగతిలో, పరిశోధనలో, శాస్త్ర వేదిక మీద చెప్పే మాట మాత్రం అతని ఒక్కడి సొంతం కాదు. దానికి ఆధారం చూపించాలి, ఎదుటి వాదాన్ని దాచకూడదు, తప్పని తేలితే దిద్దుకోవాలి. ఈ బాధ్యతను తోటి పండితులు అడిగి రాబట్టాలి. మంత్రిగారు, మఠాధిపతి, యాజమాన్యం, వీధిలో గుంపు అడిగితే అది బాధ్యత కాదు, బెదిరింపు. 1997లో యునెస్కో ఆమోదించిన ఉన్నత విద్యా బోధకుల సిఫారసు కూడా హక్కులనూ విధులనూ పక్కపక్కనే పెట్టింది.

ఇది మనలోని నాస్తిక అధ్యాపకులకూ వర్తిస్తుంది, ఇంకొంచెం ఎక్కువగానే. బొట్టు పెట్టుకుని వచ్చిన పిల్లను, టోపీ పెట్టుకుని వచ్చిన కుర్రాణ్ణి తరగతిలో పదిమంది ముందు ఎద్దేవా చేసే మాస్టార్లను చూశాను. వాళ్లు దాన్ని శాస్త్రీయ దృక్పథం అనుకుంటారు. మార్కులు వేసే చెయ్యి మనదైనప్పుడు ఆ పిల్ల ఎదురు వాదన చెయ్యగలదా? చెయ్యలేదని తెలిసీ నవ్వించడం వాదన ఎలా అవుతుంది? డార్విన్ పాఠం రాసిన జవాబుపత్రంలో చివర "అయినా నేను దేవుణ్ణి నమ్ముతాను" అని ఒక విద్యార్థి రాస్తే, పాఠం సరిగా రాశాడా లేదా అన్నంతవరకే మార్కు. ఆ చివరి వాక్యానికి మార్కు తగ్గించేవాడికీ కాకినాడలో గోరాను పంపించేసినవాళ్లకూ నాకు తేడా కనపడదు.

డిరోజియో శిష్యుడు కృష్ణమోహన్ పాదరీ అయ్యాడని ముందే చెప్పాను. డిరోజియో ఓటమికి అది గుర్తని మనలో కొందరు అంటుంటారు. నాకైతే ఆయన లేఖలో చెప్పింది నిజమనడానికి అదే సాక్ష్యం. శిష్యుల్ని తన వెంట నడిపించుకోవాలని చూసినవాడైతే వాళ్లు అన్ని దిక్కులకూ వెళ్లి ఉండేవారు కాదు.

ఇప్పుడు పాఠాలు చెబుతున్న మిత్రులకు నాదొక్కటే మనవి. ఈ టర్మ్‌లో మీరు బోధించే విషయంలో మీకు అస్సలు నచ్చని వాదం ఒకటి ఎంచుకోండి. దాన్ని నమ్మేవాళ్లు విని "అవును, మేం అనేది సరిగ్గా ఇదే" అనేలా ఒక గంట చెప్పండి. తర్వాత మీ అభ్యంతరాలు చెప్పండి. చివరి పది నిమిషాలు పిల్లలకు వదిలెయ్యండి.